టబ్‌లో జింక తోలు

“నువ్వు త్వరగా కానిచ్చేస్తే ఈ కంపు పోతుంది కదమ్మా,” అన్నారు అత్తయ్య బాత్రూమ్ గుమ్మంలో నిలబడి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. నేను టబ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని జింక తోలు గీకుతున్నాను. పొద్దున్న ఆరైంది. తోలు లోపలి వైపు అంటుకున్న కొవ్వు తెలుపూ పసుపూ కాని రంగులో జిగటగా ఉంది. రాతి పలకతో ఒత్తి లాగితే ఉండలుగా లేచి వేళ్ళ సందుల్లోకి జారుతోంది. గ్లవ్స్ వేసుకుంటే రాయి పట్టు దొరకడం లేదు, అందుకని ఉత్త చేతులతోనే గీకుతున్నాను. ఈ తోలుని ఇంటికి తెచ్చిందెవరో, టబ్‌లో పడేసిందెవరో అత్తయ్యకి తెలుసు. ఆ మనిషి పక్క గదిలో దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు. అతని దగ్గర ఆవిడ కంపు మాటే ఎత్తలేదు.

ఆ మనిషి నా భర్త విశ్వనాథ్. ఇక్కడే డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక బ్యాంకుకి డేటాబేస్‌లు చూస్తాడు. రెండేళ్ళ కిందట ఏదో పాడ్‌కాస్ట్ విన్నాడు, అప్పట్నుంచి ఆదిమానవుడైపోయాడు. అన్నం మానేశాడు. పదివేల ఏళ్ళ కిందట మనిషి ఏం తిన్నాడో అదే తినాలట, ఈ పప్పులూ పిండ్లూ మన ఒంటికి పడవట. లివర్, మూలగ, తలకాయ మాంసం కొనుక్కురావడం వరకే అతని వంతు. కడగడం, నరాలు తీయడం, ఎముకలు రోజంతా ఉడకబెట్టడం, సింకు గొట్టంలో కొవ్వు గడ్డకడితే వేణ్ణీళ్ళు పోసి కరిగించడం నా వంతు. పెళ్ళైన కొత్తలో మా అమ్మమ్మ ఒంగోలు నుంచి హైదరాబాద్ వచ్చి, కొత్తల్లుడికని ఇష్టంగా తలకాయ కూర వండింది. ఇదే మనిషి ముక్కు మూసుకుని “మా ఇళ్ళల్లో ఇలాంటివి తినరు” అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. అమ్మమ్మ ఆ కూరంతా డబ్బాలో సర్దుకుని, మర్నాడు బస్సులో వెనక్కి తీసుకెళ్ళింది. ఇప్పుడు అదే కూరని ఫ్రెండ్స్‌కి ‘నోస్ టు టెయిల్ ఈటింగ్’ అని పరిచయం చేస్తున్నాడు. నాకు మాంసమంటే ఎప్పుడూ రోత లేదు. మా అమ్మమ్మ కూర ఈ మనిషి నోట ఇంగ్లీషులో వినపడినప్పుడు మాత్రం రోత పుట్టింది.

ఇక తోలు సంగతి. మా మైత్రి ఆరో క్లాసు. వాళ్ళ స్కూల్లో శుక్రవారం హిస్టరీ ఫెయిర్. రాతియుగం నుంచి మధ్యయుగాల దాకా మామూలు మనుషులు రోజూ ఎలా బతికారో ఒక్కో కుటుంబం ఒక్కో టేబుల్ దగ్గర చూపించాలి. పోయినేడు మాకు మధ్యయుగం వచ్చింది. విశ్వనాథ్ కోట యజమాని. అట్ట కిరీటం పెట్టుకుని గంటసేపు మాట్లాడాడు. అతని అంగీ కుట్టింది నేను, బార్లీ రొట్టెలు కాల్చింది నేను, వెనకాల నిలబడి వచ్చినవాళ్ళకి అందించింది నేను. తర్వాత వాట్సాప్‌లో నలభై ఫొటోలు వచ్చాయి. ఒకదాంట్లో నా మోచెయ్యి పడింది.

ఈసారి రాతియుగం అనేసరికి ఎగిరి గంతేశాడు. అతని ఆఫీసులో వేటకి వెళ్ళే అలవాటున్న ఒకాయన ఉప్పు వేసి చుట్టిన తోలు ఇస్తే, కారు డిక్కీలో వేసుకొచ్చాడు. రక్తం చూస్తే కళ్ళు తిరిగే మనిషి. మైత్రి పుట్టినప్పుడు హాస్పిటల్ వరండాలో కూర్చున్నాడు. టబ్‌లో నీళ్ళు నింపి, ఆ చుట్టని దూరం నుంచి అందులోకి విసిరి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చి నాతో అన్నాడు: “నేను హంటర్. నువ్వు తోలు గీకుతావు. అప్పట్లో అది లేడీస్ పనే, స్టడీస్ ఉన్నాయి.”

“ఎన్నింటికి?”

“నైన్ నుంచి లంచ్ దాకా. టీచర్‌కి ఈమెయిల్ కూడా పెట్టేశా, నా వైఫ్ డెమో ఇస్తుందని. నువ్వేం టెన్షన్ పడకు. ఊరికే కూర్చుని గీకుతుంటే చాలు, ఎక్స్‌ప్లెయిన్ చేసేది నేను చూసుకుంటా.”

“శుక్రవారం పదింటికి నా ఇంటర్వ్యూ ఉందండీ. పోయినవారమే చెప్పాను.”

“అది ఇంటర్నల్ కదా దమయంతీ. రీషెడ్యూల్ చేయమను.”

ఆ ఇంటర్వ్యూ ఒకసారి రీషెడ్యూల్ అయిపోయింది. సెప్టెంబర్లో అత్తయ్య డాలస్‌లో దిగిన రోజు అతనికి ఏదో కాల్ ఉందని నేనే ఎయిర్‌పోర్టుకి వెళ్ళాను. అప్పుడే మా డైరెక్టర్ లిండా మర్యాదగానే చెప్పింది, మళ్ళీ మారిస్తే ఇంకొకరి పేరు పైకి పంపాల్సి వస్తుందని. ఇక్కడే లాస్ కొలీనాస్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో తొమ్మిదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. కౌస్తుభ్ అనే అబ్బాయికి పని నేర్పింది నేనే, నాలుగేళ్ళకి అతను నా లీడ్ అయ్యాడు. నాకెందుకివ్వలేదంటే, మూడున్నరకి మైత్రిని తీసుకురావడానికి లేచి వెళ్ళిపోతానట, సీరియస్‌నెస్ కనపడదట. ఇప్పుడు ఖాళీ పడిన మేనేజర్ ఉద్యోగానికి అప్లై చేశానని చెప్తే ఇంట్లో విశ్వనాథ్ నవ్వి, “నీకెందుకీ తలనొప్పి?” అన్నాడు. తలనొప్పులన్నీ నాకు ఫ్రీగా ఇచ్చే మనిషి, జీతమొచ్చే తలనొప్పి మాత్రం వద్దంటాడు.

అంత తెలిసీ తోలు ఎందుకు గీకుతున్నావే అని మీరు అడగొచ్చు. ముందే శుభ్రంగా గీకి పెట్టేస్తే శుక్రవారం నన్ను వదిలేస్తాడేమో అనుకున్నాను. పదహారేళ్ళ కాపురంలో ఇలా ‘ముందే చేసిపెట్టేస్తే వదిలేస్తారేమో’ అనుకుని చేసిన పనులకి అంతే లేదు. పెట్టెలు సర్దడం, పండగలు, అతని చెల్లెలి పురుళ్ళు. ఎవరూ ఎప్పుడూ వదిలెయ్యలేదు. అయినా సోమవారం నుంచి పొద్దున్నే లేచి గీకాను. మైత్రి పళ్ళు తోముకుంటూ అటూ ఇటూ తిరుగుతూ చూసేది. నేను ‘వెళ్ళు నాన్నా, వాసన’ అనేదాన్ని.

బుధవారం ఆఫీసులో మీటింగ్. నిమ్మకాయ, కాఫీ పొడి, గిన్నెల సబ్బు, అన్నీ వేసి రుద్దుకున్నా గోళ్ళ కింద ఆ వాసన పోలేదు. కౌస్తుభ్ రెండుసార్లు గాలి పీల్చి, “ఏదో స్మెల్ వస్తోంది కదా?” అని చెత్తబుట్టలోకి తొంగి చూశాడు. నేను చేతులు బల్ల కిందకి తీసుకున్నాను. “నోట్స్ మీరు తీసుకుంటారా దమయంతి గారూ? మీరైతే నీట్‌గా రాస్తారు,” అన్నాడు. అవే చేతులతో వాళ్ళు మాట్లాడిన ప్రతి ముక్కా టైప్ చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

గురువారం సాయంత్రం మైత్రి డైనింగ్ టేబుల్ మీద పోస్టర్ చేసుకుంటోంది. “అమ్మా, లుక్. ఇది లేడీ యొక్క ఫుట్,” అంది ఎముకల బొమ్మ చూపించి. వేల ఏళ్ళ కిందటి ఆడవాళ్ళవట. రోజూ గంటల తరబడి మోకాళ్ళ మీద వంగి రాతి మీద గింజలు నూరీ నూరీ కాలి బొటనవేలి కీలు వంకరపోయిందట, నడుమూ మోకాళ్ళూ అరిగిపోయాయట. తవ్వి తీసినవాళ్ళు ఎముక చూసి ఎవరు ఏ పని చేశారో చెప్పగలరట.

“కరెక్ట్,” అన్నాడు విశ్వనాథ్ సోఫాలోంచి. “డివిజన్ ఆఫ్ లేబర్. నేచర్ అలా డిజైన్ చేసింది బంగారం. ఇది నేను రేపు చెప్తాలే.”

“బట్ డాడీ, ఇది నా పార్ట్. నేను రాశాను.”

“నువ్వు పోస్టర్ పట్టుకో చాలు. నీకు వర్డ్స్ రావు, పెద్దవాళ్ళు వస్తారు అక్కడ.”

మైత్రి పెన్ను మూత పెట్టేసింది. అత్తయ్య ఆ బొమ్మ వైపు వంగి చాలాసేపు చూశారు. తర్వాత మోకాలు పట్టుకుని లేచి, కొడుకుకి సూప్ వేడి చేయమని నాకు చెప్పి గదిలోకి వెళ్ళిపోయారు.

శుక్రవారం పొద్దున్న నేను బూడిదరంగు సూటు వేసుకుని కిందకి దిగాను. విశ్వనాథ్ భుజం మీదుగా గోధుమరంగు గుడ్డ కట్టుకుని, ఆన్‌లైన్లో కొన్న బల్లెం పట్టుకుని అద్దంలో ఫొటో తీసుకుంటున్నాడు. తోలు మూతబకెట్లో ఉంది. పైన రాతి పలక.

“అదేంటి, నువ్వింకా రెడీ అవ్వలేదా?”

“అయ్యాను. ఇంటర్వ్యూకి వెళ్తున్నాను.”

కోప్పడతాడనుకున్నాను. అరుపులకి నేను సిద్ధంగానే ఉన్నాను. అతను ఫొటో సరిగ్గా వచ్చిందా లేదా చూసుకుంటూ, “సరే, నీ ఇష్టం. మైత్రి గీకుతుందిలే. ఏం బంగారం, అమ్మ బదులు నువ్వు కూర్చో,” అన్నాడు.

మైత్రి బకెట్ వైపు చూసింది. నా వైపు చూసింది. స్వెటర్ చెయ్యి మెల్లగా పైకి మడుచుకుంది. పదకొండేళ్ళ పిల్ల, ఎవరూ చెప్పకుండానే సరిగ్గా మోచేతి పైదాకా మడిచింది, కొవ్వు అంటకుండా నేను మడుచుకున్నట్టే. నాలుగు రోజులుగా ఆ గుమ్మం ముందు నుంచి పోతూ అది నేర్చుకున్నది ఇదన్నమాట. నేను తప్పుకుంటే ఆ పని ఆగిపోతుందని నేనెలా అనుకున్నానో. నా తర్వాత ఎవరున్నారో వాళ్ళ ఒళ్ళో పడుతుంది. ఇంత రోత ఆ తోలు మీద కూడా నాకు పుట్టలేదు.

వెళ్ళి మైత్రి స్వెటర్ చెయ్యి కిందకి లాగాను. రాతి పలక తీసి విశ్వనాథ్ చేతిలో పెట్టాను.

“పోస్టర్ గురించి అదే చెప్పుకుంటుంది. తెలుగులో చెప్పినా ఇంగ్లీషులో చెప్పినా దానిష్టం. మీరు కూర్చుని గీకండి.”

“నేనా? నాకా వాసనకి వామిటింగ్ వస్తుంది దమయంతీ.”

“నాకూ వచ్చింది. సోమవారం రెండుసార్లు.”

“వాడికి అలవాటు లేదమ్మా,” అన్నారు అత్తయ్య సోఫాలోంచి.

“నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా అత్తయ్యా?”

మళ్ళీ విశ్వనాథ్ వైపు తిరిగాను. “గీకేది ఎవరూ లేకపోతే టేబుల్ తీసేయమని టీచర్‌కి నేనే ఫోన్ చేసి చెప్తాను,” అన్నాను. అది మాత్రం అతనికి తగిలింది. అప్పటికే బల్లెంతో ఫొటో మూడు గ్రూపుల్లో పెట్టేశాడు.

హైవే మీద ఉండగా ఫోన్ మూడుసార్లు మోగింది. తీయలేదు. ఆఫీసు పార్కింగ్‌లో చూస్తే మైత్రి మెసేజ్: ‘డాడీ గీకుతున్నారు. గ్లవ్స్ టూ పెయిర్స్. నేను బోన్స్ గురించి చెప్పాను, అందరూ విన్నారు. బామ్మ ఫ్రంట్‌లో నిలబడింది.’ కారు అద్దం కిందకి దింపాను. కళ్ళు తుడుచుకుని, లిప్‌స్టిక్ సరిచేసుకుని లోపలికి వెళ్ళాను.

ప్యానెల్లో ముగ్గురున్నారు. పని గురించి ముప్పావుగంట అడిగారు, చెప్పాను. ఆఖర్న లిండా కళ్ళద్దాలు తీసి, “తొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉన్నావు. ఇన్నాళ్ళూ ఆగి ఇప్పుడే ఎందుకు?” అంది.

“ఈ పొద్దున్న దాకా నాకు ఖాళీ లేదు,” అన్నాను.