గొర్రెకైతే ఒక్కసారి చాలు

మందలో ఏ గొర్రె పొద్దున పెంటికలు వేసిందో, ఏది వేయలేదో రామాంజులుకు తెలుసు గానీ పెళ్లాం పుట్టినరోజు ఏ నెలలో వస్తుందో మాత్రం తెలియదని యశోద కనిపించినవాళ్లకల్లా చెప్పుకునేది. డిగ్రీ చదివి దువ్వూరు దగ్గర గొర్రెల ఇంటికి కోడలైనందుకు ఆ మాత్రం చెప్పుకునే హక్కు తనకుందని ఆమె నమ్మకం.

అంత తెలిసిన మనిషీ కూతురు మల్లిక దగ్గర డీలా పడ్డాడు. ఐదేళ్ల పిల్ల దొడ్డికి వస్తే తలుపు వెనక దూరి, కాళ్లు మెలేసుకుని బిగబట్టేది. నొప్పికి భయపడి ఆపుకునేది. ఆపుకునేకొద్దీ గట్టిపడి ఇంకా నొప్పెట్టేది. ప్రొద్దుటూరులో పిల్లల డాక్టరు ఫర్హానా నీళ్లలో కలిపే పొడి రాసిచ్చి, కొన్ని నెలలు వాడాలంది.

"నెలలా?" అన్నాడు రామాంజులు, బస్సెక్కాక. "అలవాటు పడితే పెద్దయినాక మందు లేకుంటే పేగు కదలదంట మే."

"ఎవురు చెప్పినారు?"

"పక్కింటి కాటమయ్య మామ."

"బీడీ ముట్టించందే ఆయన పేగే కదలదు. ఆయన్నా నువ్వు అడిగేది?"

నవ్వేసింది గానీ ఆ భయం ఆమెకూ అంటుకుంది. ఫోన్లో వెతికితే సగంమంది అమృతమన్నారు, సగంమంది విషమన్నారు. అయినా రోజూ పొడి కలిపి గ్లాసు మొగుడి చేతికిచ్చేది. ఆ ఇంట్లో మందు తాపడం అతని పని. వెదురుగొట్టంతో గొర్రెలకు తాపిన చెయ్యి అది. పిల్లను ఒళ్లో వేసుకుని, కథ చెబుతూ, ఇది తాగితే ఇంక నొప్పి రాదంటూ, చుక్క పోకుండా తాపేవాడు.

కొద్దిరోజులకే మల్లిక ఏడవకుండా కూర్చుంది. అవ్వ యల్లమ్మ సంతోషం పట్టలేక దిష్టి తీసింది. అంతా బాగుందనుకుంటుండగా పిల్ల మళ్లీ తలుపు వెనక దూరింది.

"మందు తాగుతాండావు గదా పాపా?" అంది యశోద.

"నాయన వట్టి నీళ్లే ఇస్తాండాడు. మందు దానిమ్మ చెట్టుకు పోస్తాండాడు."

యశోద కేకలెయ్యలేదు. మొగుడి ఎదుట కూర్చుని, "దానిమ్మ చెట్టుకు మలబద్ధకం లేదు మామా," అంది.

అతను తల వంచుకున్నాడు. "గొర్రెకు ఒకసారి తాపితే పేగు తెరుచుకుంటాది. మాటిమాటికీ తాపితే నీరసించి పడిపోతాది. పాప బాగైంది గదా, ఇంకెందుకని..."

మర్నాడు ముగ్గురూ మళ్లీ ప్రొద్దుటూరు పోయారు. ఈసారి యశోద నోరు మెదపకుండా, అతని చేతనే అడిగించింది.

"ఇది పేగును తరిమే మందు కాదప్పా," అంది డాక్టరు. "నీళ్లను పట్టి ఉంచి దొడ్డిని మెత్తగా చేస్తాది. ఒంట్లోకి దాదాపు ఎక్కదు, పేగుకు అలవాటూ కాదు. బిగబట్టి బిగబట్టి పాప పేగు సాగింది, అది మామూలుకు రావాల. పాపకు భయం పోవాల. ముందే ఆపితే మళ్లీ మొదటికే వస్తాది. ఎప్పుడు తగ్గించాల్నో నేను చెప్తా."

తిరుగు బస్సులో మల్లిక నాయన ఒళ్లో కూర్చుంది. అతని చొక్కా గుండీ తిప్పుతూ, "ఇంక నొప్పి రాదన్నావే నాయనా. మళ్లా వచ్చింది. నేనేం తప్పు చేసినాను?" అంది.

రామాంజులు యశోద వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి పసుపుచేలు చూస్తోంది. ఆదుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

"నువ్వేం చెయ్యలేదు పాపా," అన్నాడు, పిల్ల తల మీద గడ్డం ఆనించి. "మందు పారబోసింది నేను. తప్పు నాదే."