మూసిన గేటు వీధి

పెయింటరు నిచ్చెన మీద ఉన్నాడు. స్తంభానికున్న వీధి బోర్డుకి రెండు బోల్టులు విప్పాడు, ఇంకా రెండున్నాయి. కింద అతని అక్క నిచ్చెన కాళ్లు పట్టుకుని నిలబడింది.

"దిగరా తమ్ముడూ. మర్యాదగా దిగు."

"నా చేతుల్లో ఏముందక్కా? పైనుంచి ఆర్డరొచ్చింది."

"నీ చేతుల్లో స్పానరుంది. అందుకే చెప్తున్నా, దిగు."

మునిసిపాలిటీ మేస్త్రి టీ గ్లాసు గోడ మీద పెట్టి గబగబా వచ్చాడు. పెద్దావిడ అని కూడా చూడలేదు. భుజం పట్టి ఒక్క తోపు తోశాడు. అక్క వెళ్లి కంకర మీద పడింది, మోచెయ్యి చీరుకుపోయింది. పెయింటరు పైనుంచి అంతా చూశాడు. చూసి కూడా దిగలేదు. తోడబుట్టినవాడు గుడ్లప్పగించి చూస్తున్నాడే అని తన మీద తనకే ఒళ్లు మండింది. అయినా కాళ్లు కదల్లేదు. ఈ కొత్త ప్రభుత్వంలోనైనా ఉద్యోగం పర్మనెంటు అవుతుందని అతని ఆశ.

అప్పుడే అద్దకం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. మోచేతుల దాకా నీలం రంగు. అక్కని లేవదీశారు, మేస్త్రిని చుట్టుముట్టారు. అతను మాటలు మింగుతూ వెనక్కి నడిచాడు.

"పోలీసుల్తో వస్తా! అప్పుడు చూస్తా మీ సంగతి!"

"రా నాయనా, ఆ టీ కూడా తాగేసి పో," అంది వాళ్లలో అందరికంటే కురచగా ఉండే పిల్ల. పొట్టిది అంటారు ఆమెను. నోరు మాత్రం పొట్టిది కాదు. తర్వాత నిచ్చెన వైపు తలెత్తింది. "నువ్వూ దిగు మామయ్యా. పైనుంచి చూసింది చాలు." పెయింటరు దిగి, నిచ్చెన మోసుకుపోయాడు.

ప్రభుత్వం మారిందంటే బోర్డుల షెడ్డులో పనివాళ్లకి ఊపిరాడదు. పాత రేకులు గీకాలి, పూత వెయ్యాలి, కొత్త పేర్లు రాయాలి. పెయింటరు తన చేత్తో రాజు పేరు చెరిపి మంత్రి పేరు రాశాడు, ఆ మంత్రి ఓడిపోతే చెరిపి ఒక స్వామీజీ పేరు రాశాడు. "చచ్చినవాళ్లని మళ్లీ చంపే ఉద్యోగం నాది," అని నవ్వుతూ చెప్పుకునేవాడు.

కానీ ఈ వీధి పేరు ఏ ప్రభుత్వమూ పెట్టింది కాదు. టీ కోసం ఎవరూ బయటికి పోకూడదని మేనేజరు ఫ్యాక్టరీ గేటుకి తాళం వేయించిన మధ్యాహ్నం లోపల మంటలు లేచాయి. బయటికి ఇంకో దారి లేదు, ఆడపిల్లలు గేటు దాకా పరిగెత్తారు. గేటు దగ్గరే, ఒకరి మీద ఒకరు పడి, కాలిపోయారు. అక్క కూతురు కూడా వాళ్లలో ఉంది. కేసు కొట్టేశారు. యజమాని దర్జాగా ఇంటికి పోయాడు. అప్పుడు జనం వీధి మొగలో గోడ మీద బొగ్గుతో రాశారు: మూసిన గేటు వీధి. ఎన్ని ఊరేగింపులు చేస్తేనో పాత ప్రభుత్వం ఆ పేరుతో బోర్డు పెట్టింది.

అదేం పేరని కొత్తగా వచ్చిన ప్రతివాడూ అడుగుతాడు. అడిగిన ప్రతివాడికీ వీధి జవాబు చెబుతుంది. ఫ్యాక్టరీలో చేరే పిల్లలు ఆ కథ వినే చేరతారు. గేటు రెక్క గోడకి ఆనేదాకా తెరిచి, కింద ఇటుక పెట్టాకే మిషన్ల దగ్గరికి వెళ్తారు. యజమానికి కంటగింపు ఇదే. కొత్త ప్రభుత్వానికి అతను ఎన్నికల్లో బాగా పనికొచ్చాడు. అందుకని వీధికి అతని తండ్రి పేరు పెడుతున్నారు.

సాయంత్రం పంపు దగ్గర జనం కూడారు. ముందుగా కిరాణా కొట్టాయన అందుకున్నాడు.

"ఏదో పేరు. పోతే పోనివ్వండి. పేరు తింటామా, తాగుతామా? ఈ పేరు వింటే అద్దెకి కూడా ఎవరూ రావట్లేదు."

పొట్టిది గయ్యిమంది. "మేనేజరు రూములో కొత్త గొలుసు చూశాను బాబాయ్. ఇంతింత లావు. బోర్డు పీకడం, గొలుసు బిగించడం ఒకటే పని. ఇవాళ పేరు మర్చిపోమంటారు, రేపు గేటు మర్చిపోమంటారు. నువ్వు కొట్లో కూచుంటావు, లోపలుండేది మేం!"

ఇంతలో ఎవరో వెనక నిలబడ్డ పెయింటర్ని చూశారు. "వీడే కదా కొత్త బోర్డు రాసింది! సిగ్గులేకుండా మళ్లీ వచ్చాడు!" కేకలు లేచాయి. అక్క చేతికి గుడ్డ కట్టుకుని ఉంది. తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అది అతనికి మరీ నరకంగా ఉంది.

"రాశాను," అన్నాడు. "తప్పే. బోర్డు మాత్రం విప్పను, ఇంకొకణ్ణి విప్పనివ్వను. స్తంభానికి బోర్డు ఉన్నన్నాళ్లే ఆ పేరు ఉంటుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నాను. అందరం స్తంభాన్ని కాపలా కాద్దాం."

ఆ మాట అందరికీ నచ్చింది. బతుకంతా రేకుల మధ్య గడిపినవాడు అలా కాక ఇంకెలా ఆలోచిస్తాడు! వీధి వీధంతా వంతులు వేసుకుని స్తంభం చుట్టూ కూర్చుంది. కొన్నాళ్లు ఎవరూ రాలేదు. తర్వాత ఒక పొద్దున మేస్త్రి పోలీసు వ్యానుతో దిగాడు. జనం చేతులు కలిపి గొలుసుకట్టారు. షిఫ్టుకి వెళ్లాల్సిన పెద్ద ఆడవాళ్లూ పని మానుకుని నిలబడ్డారు, ఎదురుగా ఎస్సై, నినాదాలు, తోపులాట. విచిత్రమేమిటంటే పోలీసులు బోర్డు జోలికి పోలేదు. మాటలతోనే పొద్దు పుచ్చుతున్నారు.

కొట్టాయన ఆ చివర నుంచి పరిగెత్తుకొచ్చాడు. చెప్పు ఒకటే ఉంది కాలికి.

"గేటుకి గొలుసు వేశారు! కొత్త పిల్లలు లోపలున్నారు!"

పెయింటరుకి అప్పుడు అర్థమైంది. రేకు ముక్కకి కాపలా పెట్టి గేటు వాళ్లకి వదిలేశాడు. చెప్పింది తనే, అందరినీ ఇక్కడ కూలేసింది తనే. తల బాదుకోవడానికి కూడా టైం లేదు.

"బోర్డు పోతే పోయింది! పదండి!" అని అరిచాడు.

జనం ఒక్కసారిగా చేతులు వదిలి ఫ్యాక్టరీ వైపు పరిగెత్తారు. వెనక మేస్త్రి తాపీగా నిచ్చెన వేసుకున్నాడు. ఒక్కరు కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

మంట లేదు, పొగ లేదు. గేటు మూసి ఉంది. ఈ వీధికి అది చాలు. లోపల పిల్లలు ఊచలు పట్టుకుని ఏడుస్తున్నారు. బయట గొడవలోకి ఎవరూ పోకుండా వేశాం, అంతే అని మేనేజరు కిటికీలోంచి సర్దిచెబుతున్నాడు. అక్క గొలుసు పట్టుకుని గుంజుతోంది, మోచేతి గాయం మళ్లీ రేగింది. "అమ్మా, వచ్చేశానే," అంటోంది. ఎవరితో అంటోందో తమ్ముడికి తెలుసు.

"గొలుసు వదిలెయ్ అక్కా, అది తెగదు," అని అతను స్పానరు తీసి గేటు మడత బందుల మీద పడ్డాడు. పోలీసులు వచ్చి లాఠీలు ఎత్తారు. అతని వీపు మీద పడాల్సిన దెబ్బలు ఆడవాళ్లు అడ్డం నిలబడి కాచుకున్నారు. ఆఖరి బోల్టు ఊడింది. "పట్టండి!" అంది పొట్టిది. ఎన్ని చేతులో, కొట్టాయన చేతులతో సహా, ఆ ఇనప గేటుని అమాంతం ఎత్తి రోడ్డు మీద పారేశాయి. పిల్లలు బయటికొచ్చి పడ్డారు.

దొరికినవాళ్లని దొరికినట్టు వ్యానెక్కించారు. స్టేషన్ వరండాలో ఎస్సై వరసగా నిలబెట్టాడు, రైటరు కాగితాలు తీశాడు.

"అడ్రసు?"

"మూసిన గేటు వీధి," అంది అక్క.

ఎస్సై నవ్వాడు. "అలాంటి వీధి లేదమ్మా. బోర్డు పీకేసి కొత్తది పెట్టేశారు. ఆ పేరు చెప్పు."

"నాకు తెలిసింది ఇదే."

పొట్టిది అదే చెప్పింది. కొట్టాయనని పక్కకి పిలిచి, పెద్దమనిషివి, కొత్త పేరు చెబితే ఇంటికి పంపేస్తానన్నాడు ఎస్సై. కొట్టాయన పెదాలు తడుపుకున్నాడు. "మూసిన గేటు వీధి సార్. కిరాణా కొట్టు. ఎవర్నడిగినా చెప్తారు."

పెయింటరు వంతు వచ్చింది.

"నీకేమైందయ్యా? నీ ఇల్లు బోర్డుల షెడ్డు వెనకాల కదా. మునిసిపాలిటీవాడివి, ఉద్యోగం పోతుంది."

"పోయినట్టే సార్." అక్క వైపు చూశాడు. ఆమె నిచ్చెన రోజు నుంచి అతనితో మాట్లాడలేదు. "ఇవాళ్టి నుంచి అక్క దగ్గరే ఉంటాను. మూసిన గేటు వీధి, రాసుకోండి."

"ఇద్దరికీ వండాల్రా మరి, ఎప్పుడు వదుల్తారో," అంది అక్క. పెయింటరుకి ఏడుపొచ్చింది.

రైటరు కలం పట్టుకుని దిక్కులు చూశాడు. "అడ్రసు లేకపోతే కోర్టులో కేసు నిలబడదు సార్."

"రాసి చావు!" అన్నాడు ఎస్సై.

రైటరు ప్రభుత్వ కాగితం మీద, ప్రతి మనిషి పక్కనా, అదే పేరు రాశాడు. పొట్టిది మెడ సాచి అది చూసింది. గోడ అవతల రెండో షిఫ్టువాళ్లు పనికి పోకుండా రోడ్డు నిండా నిలబడి ఉన్నారు. వాళ్లకి వినపడేలా గొంతెత్తింది.

"రాశారే! వాళ్ల చేత్తోనే రాశారు! ఇప్పుడు రెండో గేటు అడగండి! అది పెట్టేదాకా ఎవ్వరూ లోపల అడుగు పెట్టొద్దు!"

"పెట్టం!" అంది రోడ్డు.