తగ్గించి చెప్పిన మాట

ఫినాయిల్ నీళ్లలో గుడ్డ పిండి, వరండాలో ఎండిన కఫపు మరకను రెండోసారి రుద్దుతోంది రాబియా. హిందూపురంలో ఆ ధర్మాసుపత్రిలో పదకొండేళ్లుగా ఆయా. ఆ కంపు ఎప్పుడో అలవాటైపోయింది. ఆమెకు రోత పుట్టేది కాంపౌండర్ శ్రీనివాసులు నోరు తెరిచినప్పుడే.

ఆ ఏడాదే, 1982లో, ఉత్తరాది నుంచి వచ్చిన డాక్టరుకు హిందీ తప్ప రాదు. రోగుల్లో సగంమంది కన్నడంవాళ్లు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగూ కన్నడమూ మాట్లాడే రాబియాను, మరో ఇద్దరు ఆయాలను కూర్చోబెట్టి రోగుల మాటలు డాక్టరుకు హిందీలో ఎలా చేరవేయాలో శ్రీనివాసులు నెలరోజులుగా పాఠం చెబుతున్నాడు.

"వాళ్లు పది మాటలంటే మీరు ఒగటి చెప్పల్ల. ఏడుపులు, కతలు డాక్టరుకు యాల?"

అతని నోట్లోని వక్కాకు తుంపర చీర మీద పడితే రాబియా తుడుచుకునేది. పాఠం మాత్రం అందరికంటే బాగా నేర్చుకుంది.

ఆ పొద్దు మడకశిర వైపు నుంచి పుట్టమ్మ ఒంటరిగా వచ్చింది. పొట్ట పట్టుకుని, వంగిపోయి నిలబడింది.

"మూడు దినాలు కుడిపక్క ఒగటే నొప్పి తల్లీ. రేత్రి లోపల ఏందో పటుక్కుమనె. అప్పుట్నుంచి నొప్పి తెలీదు. కడుపు చెక్క మాదిరి అయిండాది," అంది కన్నడంలో.

వరుస పొడుగ్గా ఉంది. తలుపు దగ్గర శ్రీనివాసులు 'కానీ, కానీ' అని చెయ్యి ఊపాడు.

"మూడు రోజులు కడుపునొప్పి. ఇప్పుడు తగ్గింది," అని హిందీలో చెప్పింది రాబియా.

డాక్టరు తలెత్తకుండా చీటీ రాశాడు.

"భలే చెప్తివి," అన్నాడు శ్రీనివాసులు.

మధ్యాహ్నం మందుల కిటికీ ముందు బెంచీ మీద పుట్టమ్మ ఒరిగిపోయి కనిపించింది. నుదుటి మీద చల్లటి చెమట. రాబియా పరుగెత్తి, ఈసారి ఒక్క మాటా వదలకుండా డాక్టరుకు చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది. "లోపల పేగు పగిలింది! పొద్దున ఎందుకు చెప్పలేదు?" అంటూ లేచాడు. వాళ్లు వచ్చేసరికే పుట్టమ్మ ఊపిరి ఆగిపోయింది.

"నువ్వేం చేస్తావు మ్మే, ఆయమ్మ సరిగ్గా చెప్పిండదులే," అన్నాడు శ్రీనివాసులు, వక్కాకు ఇంకో దవడకు తోసుకుంటూ.

"శానా బాగా చెప్పింది సార్. నేనే మింగేసినా."

కొళాయి దగ్గర ఎన్నిసార్లు పుక్కిలించినా రాబియాకు రోత పోలేదు. సాయంత్రం ఆ ఇద్దరు ఆయాలను పిలిచింది.

"ఆయప్ప పాఠం ఇడిసిపెట్టండి. ఎన్ని మాటలంటే అన్నీ చెప్పల్ల. ఏడిస్తే ఏడ్సినారని చెప్పల్ల."

బెంచీ కింద, మందు పోయించుకోవడానికి పుట్టమ్మ ఇంటి నుంచి కడిగి తెచ్చుకున్న సీసా, కాగితపు బిరడాతో, ఖాళీగా నిలబడి ఉంది.