రద్దయ్యాకే తిరిగిన చక్రాలు

నేను ఒక చక్రాల కుర్చీని. నాకు తెలిసిన వ్యాపారం ఒక్కటే, తిరగడం. తిరిగినంత లాభం, మూలపడినంత నష్టం. ఇంత చిన్న సంగతి బోధపడని మనుషుల చేతుల్లో రెండేళ్లు చిక్కాను.

నన్ను బిగించిన కార్ఖానా మనిషి గచ్చు మీద నలభై చుట్లు తిప్పి చూసి, తృప్తిపడి పెట్టెలో సర్దాడు. ఒక దాతల సంఘం నన్ను కొని కిర్గిజ్‌స్తాన్‌కి, కొండల మధ్య ఉన్న పిల్లల ఆశ్రమానికి పంపింది. సోవియట్ కాలపు మేడ అది. దేశం మారినా అందులో కాగితాల పద్ధతి మారలేదు.

నేను వచ్చింది బెగిమాయ్ కోసం. ఏడేళ్ల పిల్ల, కాళ్లు పనిచేయవు. తల్లిదండ్రులు రష్యాకి కూలికి వెళ్లి, కొన్నాళ్లు ఫోన్లు చేసి, తర్వాత మానేశారు. దాతలు ఆ పిల్లని నాలో కూర్చోబెట్టి ఫొటోలు తీసుకున్నారు, కళ్లు తుడుచుకున్నారు, కారెక్కారు. కారు మలుపు తిరిగిందో లేదో, డైరెక్టర్ గుల్జాత్ పిల్లని దించేసి, నా వీపు మీద నంబరు వేయించి, పైగదిలో ప్లాస్టిక్ కప్పి పెట్టించింది. చెడ్డమనిషి కాదు. కుర్చీ పాడైతే తనిఖీవాళ్లకు ఆమే జవాబు చెప్పాలి. పిల్ల నేల మీద పాకుతోందా అని అడిగే గడి మాత్రం ఆ తనిఖీ కాగితంలో లేదు.

రెండేళ్లలో దాతలు వచ్చిన ఐదుసార్లూ నన్ను కిందికి దించారు. అన్నీ కలిపినా ఒక వసారా పొడవు తిరగలేదు. నాకు ఒళ్లు మండేది.

అంతలో ఊరి బడి టీచరమ్మ కబురు పంపింది. సెప్టెంబరు ఒకటికల్లా బెగిమాయ్ తనంతట తాను వస్తే చేర్చుకుంటుందట. లేకపోతే పిల్లని దూరాన ఉన్న శరణాలయానికి పంపేస్తారు. అక్కడ బడి ఉండదు, మంచాలే.

ఆశ్రమంలో బట్టలుతికే పెద్దావిడ జూరా. అక్కడ అక్కనీ, టీచరమ్మనీ ఎజే అనే పిలుస్తారు. జూరా ఎజే తడిచేతులతోనే గుల్జాత్ గదిలోకి వచ్చింది.

"పిల్లని పంపేస్తున్నావట?"

"ఏం చెయ్యను ఎజే? రోజూ బడికి మీరు మోస్తారా?"

"ఇన్నాళ్లూ మోసిందెవరు? నా నడుముని అడుగు చెబుతుంది. పైన కుర్చీ ఉందిగా! పిల్లలు పెడుతుందని పొదగేశావా?"

"అరిగిపోతే రేపు ఏం చూపించను? రద్దయిన సామానైతేనే నా పూచీ ఉండదు."

జూరా ఎజే తిన్నగా మేడెక్కి, బొగ్గు పార తిరగేసి నా కుడిచేతి మీద ఒక్కటిచ్చింది. చెయ్యి విరిగింది. బాధపడలేదు, బేరం బాగుంది.

మర్నాడు ఆశ్రమం కమిటీవాళ్లు ముగ్గురు కూర్చుని, 'పనికిరాదు' అని రాసి సంతకాలు పెట్టారు. గుల్జాత్ గట్టిగా ఊపిరి వదిలింది.

"ఇక మీ ఇష్టం ఎజే. నాకు సంబంధం లేదు."

సెప్టెంబరు ఒకటిన బెగిమాయ్ చక్రాలు తనే తోసుకుంటూ బయల్దేరింది. రెండేళ్లు ఎదిగిందేమో, మోకాళ్లు గడ్డం దగ్గరికొచ్చాయి. అరచేతులు బొబ్బలెక్కాయి, రెండుచోట్ల బురదలో దిగబడ్డాం. బడికి చేరేసరికి పాఠం మొదలైపోయింది.

టీచరమ్మ తలెత్తకుండానే కసిరింది. "మొదటిరోజే ఆలస్యమా? వెళ్లి కూర్చో."

"కూర్చునే వచ్చాను ఎజే," అంది బెగిమాయ్.