రెండు పక్కలా తుడిచిన డస్టర్

నేను ఒక డస్టర్‌ని. బోర్డు మీద రాసినవాళ్ళు అందరికీ గుర్తుంటారు, తుడిచినదాన్ని ఎవరూ తలుచుకోరు. అందుకు నాకు చింత లేదు. తుడిచేసిన తప్పును మళ్ళీ ఎవరూ ఎత్తిచూపలేరు కదా, ఆ తృప్తి చాలు.

బొబ్బిలి దగ్గర వీణలు చేసే ఇంట్లో పుట్టాను. వీణ కావలసినదాన్నని చెప్పుకుంటే గొప్పగానే ఉంటుంది గానీ, నిజానికి వీణకు పనికిరాదని పక్కన పడేసిన పనసచెక్క ముక్కని. ఎవరో ఆ ముక్కను చిత్రిక పట్టి, పాత కంబళి మడతపెట్టి మేకులు కొట్టి, ఊళ్ళోని హైస్కూలుకు ఇచ్చారు.

మొదట హెడ్మాస్టరుగారి చేతిలో పడ్డాను. ఆయన నాతో బోర్డు తుడిచింది తక్కువ, వెనక బెంచీ మీదికి విసిరింది ఎక్కువ. ఆయనకు గురి లేకపోవడం పిల్లల అదృష్టం, నా అదృష్టం కూడా. తర్వాత వచ్చిన తెలుగు పండితుడుగారు కండువా కొంగుతోనే తుడిచేసేవారు. ఆ కాలమంతా కిటికీలో కూర్చుని ఎండ కాచుకున్నాను.

ఆ తర్వాత లెక్కల సత్తిరాజు మాస్టారు వచ్చారు. నన్ను దులపాలంటే కిటికీ బయటికి చేయి చాపి, గాలి ఏ వైపు వీస్తోందో చూసి మరీ దులిపేవారు, పిల్లలకు దగ్గు రాకుండా. ఆదివారం మధ్యాహ్నాలు, చదువు మధ్యలో ఆపేసి పెద్దయ్యాక పదో తరగతి రాస్తున్న ఆడవాళ్ళకు ఉచితంగా పాఠం చెప్పేవారు. పైడమ్మను నేను చూసింది అక్కడే.

పైడమ్మ అంగన్‌వాడీలో ఆయా. వంట, పిల్లల మూతులు తుడవడం, వాళ్ళను నిద్రపుచ్చడం ఆమె పని. అదే కేంద్రంలో టీచరు ఖాళీ వచ్చింది. పదో తరగతి పాసైతే ఆ ఉద్యోగం ఆమెదే. అన్నీ పాసైంది, లెక్కలు తప్ప. అందులో ఇప్పటికే రెండుసార్లు తప్పింది. వయసు గడువు ఆ ఏటితో సరి. ఈసారి తప్పితే ఎప్పటికీ ఆయాగానే మిగిలిపోవాలి.

మాస్టారు బోర్డు మీద 3x + 5 = 20 అని రాశారు. "ఎక్స్‌ని ఒంటరిగా కూర్చోబెట్టాలమ్మా. ఆడపిల్ల గుమ్మం దాటితే ఇంటిపేరు మారినట్టు, అంకె సమానం గుర్తు దాటితే దాని గుర్తు మారుతుంది. ప్లస్ మైనస్ అవుతుంది."

ఆ మాట ఎన్ని తరాలుగా మాస్టార్లు చెబుతున్నారో! మనుషులు అంకెలకు కూడా పెళ్ళిళ్ళు చేయకుండా ఉండలేరు.

పైడమ్మ సుద్దముక్క పట్టుకుని లేచింది. ఐదును దాటించి 3x = 15 అని రాసింది. అంతవరకూ బాగుంది. తర్వాత మూడును కూడా దాటించి, పదిహేను కింద మైనస్ మూడు రాసి, x = −5 అని తేల్చింది.

"ఆ మైనస్ ఎక్కడిదమ్మా?"

"మూడు కూడా గుమ్మం దాటీసింది కదేటి మాస్టారూ! మరి దాని ఇంటిపేరు మారదేటి?"

ఆమెతోపాటు పాఠానికి వచ్చే కుట్టుమిషను నీలవేణి పక్కున నవ్వింది. "నీ మూడు అత్తోరింటికెళ్ళి బోర్లా పడిపోనాదే వదినా!"

పైడమ్మ మాత్రం నవ్వలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. "నాకు రాదు మాస్టారూ. ఎప్పుడు గుర్తు మారాలో, ఎప్పుడు మారకూడదో నాకు తెలీదు. పరీక్షలో కూడా ఇలాగే రాసీశాను."

 మాస్టారు నన్ను తీసుకుని అంతా తుడిచేశారు. ఎడమ పక్క మూడు ఎక్స్‌లకు మూడు సంచులు, ఐదుకు ఐదు గీతలు గీశారు. మధ్యలో సమానం గుర్తు. కుడి పక్క ఇరవై గీతలు.

"ఇంటిపేర్ల సంగతి మరిచిపో తల్లీ. ఎవరూ ఎక్కడికీ వెళ్ళట్లేదు. ఈ రెండు పక్కలూ సమానం. ఎడమ పక్క ఐదు గీతలు తుడిచెయ్."

ఆమె నాతో తుడిచింది.

"ఇప్పుడు సమానమేనా?"

"కాదు. అటేపు ఎక్కువైపోయింది."

"మరి?"

ఆమె చేయి కుడి పక్కకు కదిలింది. నాతో అక్కడా ఐదు గీతలు తుడిచింది. మూడు సంచులు, పదిహేను గీతలు మిగిలాయి. "అయితే సంచికి ఐదేసి," అంది మెల్లగా. వెంటనే వెనక్కి తిరిగింది. "ఏదీ దాటనేదు మాస్టారూ! రెండు పక్కలా తీశాం, రెండు పక్కలా పంచాం. అంతేనేటి?"

"అంతేనమ్మా. సరిపోయిందో లేదో చూడాలంటే ఎక్స్ స్థానంలో ఐదు పెట్టు. ఎవర్నీ అడగక్కర్లేదు."

మూడైదులు పదిహేను, ఐదు కలిపితే ఇరవై. పైడమ్మ ఊపిరి వదిలింది. ఎన్నేళ్ళ నుంచి బిగబట్టుకుని ఉందో ఏమో!

ఫలితాలు వచ్చిన రోజు జారిన కొంగు సర్దుకోకుండానే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మాస్టారు గబుక్కున లేచారు. "పోయిందా అమ్మా?"

"పోనేదు మాస్టారూ! పాసైపోనాను!"

ఆయన కుర్చీలో కూలబడి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏం బహుమతి ఇవ్వాలో తోచలేదు కాబోలు, బల్ల మీదున్న నన్ను తీసి ఆమె చేతిలో పెట్టారు.

ఇప్పుడు అంగన్‌వాడీలో ఉంటున్నాను. నా కంబళి అరిగిపోతే పైడమ్మ టీచరు కొత్తది వేయించింది. నిన్న మధ్యాహ్నం పిల్లలంతా నిద్రపోయాక, కొత్తగా చేరిన ఆయా గౌరి గిన్నెలు కడిగి వచ్చి కూర్చుంది.

"నువ్వూ పదో తరగతి పరీక్షకు కట్టవే," అంది పైడమ్మ.

"అమ్మో, లెక్కలుంటాయి కదండీ టీచరమ్మా! నా వల్ల కాదు."

పైడమ్మ లేచింది. పిల్లలు లేవకుండా, సుద్ద కీచుమనకుండా బోర్డు మీద సంచులు, గీతలు గీసింది. "రెండు పక్కలూ సమానంగా ఉండాలి. ముందు ఎడమ పక్క గీతలు తుడిచెయ్," అని నన్ను గౌరి తడిచేతిలో పెట్టింది.

గౌరి ఎడమ పక్క గీతలు తుడిచి ఆగింది. పైడమ్మ వైపు చూసింది. పైడమ్మ కావాలనే కిటికీలోంచి బయటికి చూస్తోంది.

కొంతసేపటికి ఆ చేయి, నన్ను పట్టుకునే, తనంతట తానే కుడి పక్కకు జరిగింది.