చందమామ వీపు

కట్టుడు పళ్ళ సెట్లు చేసే షాపులో ఆమెకి పొద్దుటి నుంచి సాయంత్రం ఆరున్నర దాకా పని. మైనపు చిగుళ్ళలో ఒక్కో పన్నూ గుచ్చి, ఎదురు పంటితో కలుస్తోందో లేదో చూసి, కలవకపోతే పీకి మళ్ళీ గుచ్చాలి. కూతురు బడి వదలగానే పెద్దమ్మ ఇంటికి వెళ్ళేది. పాలూ అక్కడే, లెక్కలూ అక్కడే. ఎక్కడ కూర్చున్నా ముడుచుకునే కూర్చుంటుందని ఆ పిల్లని అందరూ పిచ్చుక అనేవాళ్ళు.

"అమ్మానాన్నల్లో ఒకరు తప్పకుండా బడికి రావాలట" అని ఓ రోజు పిచ్చుక చీటీ తెచ్చింది. నాన్న లేడు. ఆమే ఓనర్ని బతిమాలి ఒక పూట సెలవు తీసుకుంది.

అంతరిక్షం పాఠం ఆ బడిలో ఏటా మైదానంలోనే చెబుతారు. సున్నంతో వలయాలు గీస్తారు. నడుమ టీచరు సూర్యుడు, పెద్దవాళ్ళు గ్రహాలు, పిల్లలు వాళ్ళ చందమామలు. అంగారకుడికి రెండు చందమామలు, అందుకని కవలలున్న మంగలి షాపాయనకి ఆ గ్రహం దక్కింది. ఈమె భూమి.

టీచరు ఈల ఊదింది. ఎవరూ అడుగు వేయలేదు. వలయాలే వాళ్ళని పట్టుకుని తిప్పాయి.

"తల తిరిగితే కళ్ళు మూసుకోండమ్మా" అని కేకేసింది టీచరు. "పిల్లలూ, చూశారా? చందమామ భూమికి ఎప్పుడూ ఒక్క వైపే చూపిస్తాడు. అవతలి వైపు మనకి కనపడదు."

గంట కొట్టగానే అందరూ వలయాలు దిగి ఇళ్ళకి వెళ్ళారు. పిచ్చుకని మాత్రం ఆ తిరుగుడు వదల్లేదు.

తల్లి గిన్నెలు తోముతుంటే ఎదురుగా పిల్ల మొహం. పక్కకి జరిగితే మొహమూ జరిగింది. గదిలోంచి వెళ్ళాల్సి వస్తే పిచ్చుక వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్ళేది, కళ్ళు తల్లి మీదే పెట్టి. నవ్వదు, ఏడవదు. మూడో రోజున తల్లి దాన్ని అద్దానికి వీపు పెట్టి నిలబెట్టింది. అద్దంలోనూ మొహమే. దగ్గరికి లాక్కుని చెయ్యి వెనక్కి పోనిచ్చింది. వేళ్ళకి కనురెప్పలు తగిలాయి.

ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. అసలు దీని వీపు ఆఖరుసారి ఎప్పుడు చూశాను? స్నానం తనే చేసుకుంటోంది. జడ పెద్దమ్మ వేస్తుంది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మర్నాడు బడికి వెళ్ళి అడిగితే, "కొంతమందికి వదలడానికి టైం పడుతుందమ్మా" అంది టీచరు, నోటు పుస్తకాలు దిద్దుతూనే.

"అవతలి వైపు ఏముందో ఎలా చూడాలండీ?"

"భూమి నుంచి కుదరదు. పక్క గ్రహాన్ని అడగండి."

మంగలి షాపాయన ఎవరికో గడ్డం గీస్తున్నాడు. ఆమెని చూడగానే కత్తి పక్కన పెట్టేశాడు.

"ఆ రోజే చూశానమ్మా. గాలికి గౌను ఎగిరింది. పరాయి పిల్ల సంగతి నాకెందుకులే అని నోరు మూసుకున్నాను."

"ఏం చూశారు?"

"స్కేలు దెబ్బలు. పాతవాటి మీదే కొత్తవి."

ఆమె ఆ రోజు పనికి వెళ్ళలేదు. నేరుగా అక్క ఇంటికి వెళ్ళింది. లెక్కల పుస్తకం ముందు పిచ్చుక, అప్పటికే గుమ్మం వైపు చూస్తూ కూర్చుని ఉంది. అక్క చేతిలో ఇనప స్కేలు.

"ఏంటే ఆ చూపు? ఆ మాత్రం భయం లేకపోతే నెత్తికెక్కుతారు" అంది అక్క. "నీకు తీరిక లేకే కదా నా మీద పడేశావు?"

ఆ మాట ఆమెకి తగలాల్సిన చోటే తగిలింది.

"నిజమే అక్కా. చూసుకోకపోవడం నా తప్పు. కొట్టడం నీది" అని పిల్ల సంచీ తీసుకుని, చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

వీధి మలుపులో పిచ్చుక చెయ్యి విడిపించుకుని ముందుకి పరిగెత్తింది. గౌను వెనక పై గుండీలు రెండూ లేవు. తెరుచుకున్న ఆ సందులోంచి తల్లికి వీపు కనిపించింది. ఆమె అక్కడే రోడ్డు పక్కన కూలబడిపోయింది.

ఆ మర్నాటి నుంచి బడి వదలగానే పిచ్చుక షాపుకే వచ్చేది. ఓనరు రెండు రోజులు సణిగి, మూడో రోజు తనే ఒక స్టూలు తెచ్చి వేశాడు.

నెల తర్వాత అక్క షాపుకి వచ్చింది. తల్లీకూతుళ్ళు బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని ఉన్నారు, వీపులు గుమ్మం వైపు.

"ఒక్కసారి ఇటు చూడవే" అంది. తల్లి మరో పన్ను మైనంలో గుచ్చింది. అక్క బల్ల చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళింది.

"ఏంటమ్మా అలా నిలబడిపోయారు?" అన్నాడు ఓనరు. "వాళ్ళు మీ ఎదురుగానే ఉన్నారుగా. మాట్లాడండి."

"ఎక్కడ బాబూ?" అంది అక్క. "ఇక్కడా వీపులే ఉన్నాయి."

అని, మళ్ళీ బల్ల చుట్టూ నడవడం మొదలుపెట్టింది.