సీసా మీద ముఖం

అహోబిలం దగ్గరి చెంచుగూడెంలో ఉండే పద్మావతి తేనె అమ్ముతుంది. మొగుడు నాగయ్య కొండచరియల్లో తాడు పట్టుకుని దిగి తీసిన తేనెను ఆమె ఆళ్లగడ్డలో బాలస్వామి అంగడికి మోసుకుపోయేది. ఆయన ప్రతిసారీ నలుగురి ముందర ఒక చుక్క నీళ్లలో వేసి చూసేవాడు.

“బెల్లం పాకం ఏం కలపలేదు కదా?” అనేవాడు.

ఏ తప్పూ చేయకపోయినా ఆ చుక్క కరగకుండా అడుగుకు దిగేదాకా పద్మావతి ఆ నీళ్ల మీంచి చూపు తిప్పేది కాదు.

ఎండాకాలంలో ఒకరోజు బాలస్వామి సెల్లుతో ఆమె ఫొటో తీశాడు.

“ఎందుకన్నా?”

“ఊరికేలే.”

ఆ మాట ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి చెప్తే నాగయ్య మొహం కూడా మారింది. “కాగితం మీద యేలిముద్ర ఏమన్నా ఏసినావా?” అని రెండుసార్లు అడిగాడు. వేయలేదంది.

రెండు నెలలకు అహోబిలంలో బస్సులు ఆగే చోట, హన్నమ్మ అంగట్లో, పద్మావతికి తన ముఖం కనిపించింది. తేనె సీసాల మీద, వరసగా. ఒకటి మూత తీయించి వేలితో నాకి చూసింది. అడవి పువ్వుల వగరు లేదు. ఉత్త చక్కెర పాకం.

“ఇది మాది కాదక్కా. యాడిది?”

“బాలస్వామి పంపుతాడు. నీ బొమ్మ చూసే జనం కొంటాండారు.”

మరునాడు ఆమె ఆ సీసా తీసుకుని ఆళ్లగడ్డ పోయింది. అంగడి నిండా జనం.

“అన్నా, దీన్ని గూడా నీళ్లల్లో ఏసి చూడు.”

బాలస్వామి సీసా ముట్టుకోలేదు. “నువ్వు తెచ్చిందే కదమ్మా అది. ఏం కలిపినావో నన్నడుగుతావేంది?”

అందరి చూపులూ ఆమె మీదికి తిరిగాయి. పద్మావతి సీసా మీది కాగితాన్ని గోళ్లతో గీకి, ముక్కలు ఆయన బల్ల మీద పెట్టింది. “ఇంక నీకు తేనె ఇయ్యను” అని వచ్చేసింది.

సంగతి విని హన్నమ్మ ఆ సీసాలు వాపసు పంపి, తన అంగడి పక్కనే పద్మావతికి చోటిచ్చింది. శనివారం పద్మావతి తేనెతుట్టెలు ఆకుల్లో పెట్టుకుని కూర్చుంది. నంద్యాల నుంచి వచ్చిన ఒక భక్తురాలు ఆమెను చూసి ఆగింది.

“సీసా మీద ఉండేది నువ్వే కదా? పోయినసారి కొని మోసపోయినాం.”

“బొమ్మ నాదే. తేనె నాది కాదు” అంది పద్మావతి. తుట్టె ముక్క ఒకటి తుంచి ఆమె అరచేతిలో పెట్టింది.

భక్తురాలు పక్కనున్న తన భర్త వైపు చూసి, జంకుతూనే నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది.

“వచ్చే వారం గూడా ఈడే ఉంటావా?”

“దొరికితే ఉంటా. దొరక్కపోతే రాను.”

ఆమె చిన్న ముక్క ఒక్కటే కొని, బస్సెక్కే ముందు మరోసారి వాసన చూసుకుంది.